తీసేసినా అర్థం చెడకపోతే

ఆ వేసవిలో నేను చెయ్యాల్సిన పనులు ఇవి.

కుళాయి వచ్చే వేళకి బకెట్లు వరసలో పెట్టాలి. అక్క చేతి కట్టు విప్పి, కడిగి, మందు రాసి, మళ్ళీ కట్టాలి. అక్కకి జడ వెయ్యాలి. అమ్మ డ్యూటీకి వెళ్ళేలోపు అన్నం వార్చాలి. కోచింగ్‌కి వెళ్ళాలి. భాష పేపర్లో ప్రతి వాక్యం చివరిదాకా చదవాలి, మధ్యలో ఆగి టిక్కు పెట్టకూడదు. సూపర్‌వైజరు ఎదురైతే నమస్కారం పెట్టాలి. ఏడవకూడదు.

లాండ్రీలో మరకల చుట్టూ గీసే నీలం సుద్దతో వీటిని తలుపు లోపలివైపు రాసుకున్నాను. పొయ్యి దగ్గరనుంచి అమ్మ చెబుతూ ఉంటే రాశాను. చివరిది మాత్రం అక్క చెప్పింది.

"అది రాయకపోతే ఇది రోజూ కట్టు విప్పగానే మొదలెడుతుందమ్మా. నాకు నొప్పి ఒకటి, దీన్ని ఓదార్చడం ఒకటి. రెండు డ్యూటీలు చెయ్యలేను" అంది.

మేం ఉండేది లాండ్రీ వెనక గదుల్లో. ఆసుపత్రుల దుప్పట్లు లారీల్లో వచ్చేవి. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తిరిగి పంపేవాళ్ళు. అమ్మది మడతల బల్ల దగ్గర రోజుకూలీ పని. అక్కది రోలరు. ఆవిరితో కాలే పొడుగాటి ఇనప రోలరది. తడి దుప్పటి అంచు మడత పడకుండా రెండు చేతులా సాగదీసి దాని నోటికి అందించాలి, అది లాక్కోగానే వదిలెయ్యాలి. వదలడంలోనే ఉంది పనితనమంతా. ఆ ఏడు ఎండలు ముదరకముందే ఒకరోజు, దుప్పటి అంచున ఊడిన దారం అక్క వేలికి చుట్టుకుంది. దుప్పటితో పాటు చెయ్యీ లోపలికి వెళ్ళింది. కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి.

ఆ గదులు రోలరు మీద పనిచేసేవాళ్ళకి మాత్రమే ఇస్తారు. అందుకని సూపర్‌వైజరు పరామర్శకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి గది నాలుగు మూలలూ చూశాడు.

"నువ్వేం దిగులు పెట్టుకోకమ్మా. నీ జాగా ఎక్కడికీ పోదు. చెల్లెలుందిగా" అన్నాడు అక్కతో.

"దానికి కాలేజీ పరీక్షుందండీ" అంది అమ్మ.

"రాయనీండమ్మా, వద్దన్నానా? వేసవి అయ్యేదాకా ఆగుతాను. సీటొస్తే కాలేజీ, రాకపోతే రోలరు. ఏదో ఒకటి ఖాయం. ఎంతమందికుంటుంది ఆ అదృష్టం?" అని నా చేతులవైపు చూశాడు. "వేళ్ళు పొడుగ్గానే ఉన్నాయి" అన్నాడు.

మా ఇంట్లో ఎవరూ కాలేజీ మెట్లెక్కినవాళ్ళు కాదు. లెక్కల్లో నాకు భయం లేదు. భాష పేపరే నా గొంతు పట్టుకునేది. అందులో మార్కులొస్తే హాస్టలుతో సహా సీటు ఉచితం. లేకపోతే సూపర్‌వైజరు అన్నట్టు రోలరే.

కోచింగ్ టైర్ల షాపు మీద గదిలో. పైకప్పు రేకు. కింద రబ్బరు కాలుతుంటే పైన మేం కాలేవాళ్ళం. చెప్పే ఆయన్ని అందరూ కత్తెర మాస్టారనేవారు. ఎవరు ఏది రాసి చూపించినా సగం కొట్టేసేవాడు. కొట్టేసినప్పుడు ఆయన మొహంలో ఒక తృప్తి కనిపించేది, దురద గోక్కున్నట్టు.

మొదటి రోజు బోర్డు మీద ఒక వాక్యం రాశాడు. "మా తాతగారు ప్రతిరోజూ దినమూ తప్పకుండా ఉదయంపూట పొద్దున్నే నడకకు వెళ్ళేవారు."

"ఇందులో ఎవర్ని చంపొచ్చు?"

వెనక బెంచీ నుంచి ఒకడు, "తాతగార్ని సార్" అన్నాడు.

"తాతగారు పోతే వాక్యమే పోతుందిరా వెధవా. నడిచేది ఆయన. ముందు పని చేసేవాడెవడో పట్టుకో. వాడికీ క్రియకీ మధ్య ఎంతమంది బంధువులు కూర్చున్నా లెక్కచెయ్యకు. తర్వాత మిగతా ఒక్కో మాటనీ వేలితో మూసి చదువు. అర్థం చెడిందా? ఉంచు. చెడలేదా? తీసెయ్. జాలి పడకు. జాలి పడ్డవాడు వచ్చే వేసవికి మళ్ళీ ఇక్కడే కూర్చుంటాడు."

ఆయన సూత్రాలన్నీ అలాగే ఉండేవి. చెవికి బాగుందని ఏదీ నమ్మొద్దు. రెండు జవాబులు ఒకే మాట చెబుతుంటే రెండూ తప్పే, రెండింటినీ కొట్టెయ్. 'అయితే', 'కాబట్టి' అని కలిపే మాట అడిగితే ముందు వాక్యమూ వెనక వాక్యమూ చదివాకే ముట్టుకో. అన్నీ సరిగ్గా ఉన్నాయనిపిస్తే పొట్టిదాన్ని పట్టుకో. ఇక చివరిది: "నాలుగో గడిలో 'మార్పు అవసరం లేదు' అని ఉంటుంది. మీరు దాన్ని చూసి దడుచుకుంటారు. ఏదో ఒకటి మార్చకపోతే చదువుకున్నట్టు కాదని మీ బాధ. కొన్ని వాక్యాలు బాగానే ఉంటాయర్రా, వదిలెయ్యండి."

ఇంటికొచ్చి అవన్నీ అక్కకి అప్పజెప్పేదాన్ని. అక్క ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని ప్రశ్నలు చదివేది. నేను తడబడితే, జవాబు తనకీ తెలియదు గనక, ప్రతిదానికీ "మార్పు అవసరం లేదు" అనేది.

"అన్నిటికీ అదేంటే!"

"నాలుగింట్లో ఒకటన్నా తగలదా? నీకంటే నాకే ఎక్కువొస్తాయి చూడు."

అక్కకి ఓపిక ఉండేది కాదు. ఒక పేజీ చదివేసరికి పుస్తకం నా ఒళ్ళోకి విసిరేసేది. జడ వదులైతే విప్పేసి మళ్ళీ వెయ్యమనేది. కట్టు కట్టేటప్పుడు నొప్పి పుడితే రోలరుని, దాన్ని చేసినవాడిని, వాడిని కన్నవాళ్ళని వరసగా తిట్టేది. అమ్మ పొయ్యి దగ్గరనుంచి, "నెమ్మదిగా తిట్టవే, పక్కగదివాళ్ళు రాసుకుంటారు" అనేది.

వేసవి సగమయ్యాక మాస్టారు వ్యాసం రాయించాడు. మనిషికి ఓర్పు ఎలా వస్తుంది అన్నది విషయం. జీవితం నుంచి ఒక ఉదాహరణ తప్పనిసరి. నాకు తెలిసింది ఒకటే. అక్క చెయ్యి గురించి రాశాను. ఊడిన దారం దగ్గర మొదలుపెట్టి, ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకున్న రోజు దగ్గర ఆపాను.

మాస్టారు ఎర్ర పెన్ను పట్టుకుని చదివాడు. పెన్ను కాగితం మీదికి దిగలేదు. క్లాసంతా ఆశ్చర్యంగా చూసింది.

"నిజమేనా ఇది?"

"నిజమే సార్."

"ఎక్కడుంటుంది మీ అక్క?"

"ఇంట్లోనే సార్. లాండ్రీ గదుల్లో."

ఆయన లేచి క్లాసువైపు తిరిగాడు. "వినండి. దిద్దేవాడి ముందు కాగితాలు గుట్టగా ఉంటాయి. అందరూ ఓర్పంటే చీమ అనీ, నది అనీ రాస్తారు. వాడికి నిద్రొస్తుంది. అప్పుడు ఈ చెయ్యి కనిపించిందనుకోండి, లేచి కూర్చుంటాడు. ఇంకో గొప్పతనం చూడండి. ఓర్పు గురించి అడిగారా, ఈ చెయ్యి. యంత్రాలు మనిషికి మేలా కీడా అన్నారా, ఈ చెయ్యే. కుటుంబం, కష్టం, మార్పు, బాధ్యత, ఏదడిగినా ఇదే సరిపోతుంది. మొదటి రెండు లైన్లూ మారిస్తే చాలు." చాక్‌పీసు తీశాడు. "రాసుకోండి."

"మా అక్కని ఒకసారి అడగాలి సార్" అన్నాను.

"అడుగమ్మా, తప్పకుండా అడుగు. వద్దంటే మానేద్దాం" అని అప్పటికే బోర్డు మీద మొదటి వాక్యం రాసేశాడు.

వెనక బెంచీవాడు చెయ్యెత్తాడు. "నాకు అక్క లేదు సార్."

"ఇవాళ్టినుంచి ఉంది."

అందరూ నవ్వారు. నవ్వుతూనే రాసుకున్నారు. ఇంకొకడు, వేళ్ళు కాకుండా చెయ్యి మొత్తం పోయిందని రాస్తే ఇంకా బాగుంటుందేమోనన్నాడు. "అతి చెయ్యకు. రెండు వేళ్ళు మిగలడంలోనే ఉంది అందం" అన్నాడు మాస్టారు. తర్వాత నా వ్యాసంలోంచి అక్క తిట్లు కొట్టేశాడు. "తిట్టేవాళ్ళమీద దిద్దేవాడికి జాలి రాదు" అని, ఆ చోట 'ఆమె పెదవి విప్పి ఒక్కనాడూ ఎవరినీ నిందించలేదు' అని రాయించాడు.

ఇంటికొచ్చి చెబితే అక్క చాలాసేపు నవ్వింది.

"నాకింతమంది తోబుట్టువులా? మరి అంట్లు తోమడానికి ఒక్కరూ రారేం?"

"వద్దని చెప్పెయ్యనా?"

"వద్దంటే ఆయన నిన్ను బయటికి పంపితే? అక్కడికి పోకపోతే ఆ పేపరు గట్టెక్కుతావా? రాసుకోనియ్. చెయ్యి ఎలాగూ పోయింది. నలుగురికి పనికొస్తే వచ్చింది."

"నిందించలేదట" అంది అమ్మ పొయ్యి దగ్గరనుంచి. "ఆ మాస్టార్ని ఒకసారి కట్టు మార్చేటప్పుడు రమ్మనండి."

తర్వాతి వారం కోచింగ్ అమ్మాయిలు ఇద్దరు లాండ్రీ సందులోకి వచ్చారు. అక్క గుమ్మంలో నా పక్కన కూర్చుని గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటోంది. వాళ్ళు కాసేపు అటూ ఇటూ తచ్చాడి, చివరికి ఒకమ్మాయి దగ్గరికొచ్చింది.

"ఏమీ అనుకోకండక్కా. ఒకసారి చూపిస్తారా? చూస్తే బాగా గుర్తుంటుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క నా మోకాలి మీద చెయ్యేసి ఆపింది. కట్టు విప్పి చెయ్యి చాపింది. వాళ్ళిద్దరూ వంగి చూశారు. ఒకమ్మాయి పెదాలు కదుపుతోంది. మాస్టారు రాయించిన వాక్యాలు లోపలే అప్పజెప్పుకుంటోంది.

"సరిపోయిందా? ఏమన్నా వదిలేశారా మీ మాస్టారు?" అంది అక్క.

"లేదక్కా, అంతా రాయించారు" అంది ఆ అమ్మాయి, ఎంతో మర్యాదగా. థాంక్సు కూడా చెప్పి వెళ్ళారు.

ఆ రోజు అక్కకి జడ వేశాను. జడ వదులైంది. విప్పి మళ్ళీ వెయ్యమనలేదు.

పరీక్ష హాల్లో ప్రశ్నలన్నీ మాస్టారు చెప్పినట్టే వచ్చాయి. వేలితో మూశాను, చదివాను, తీసేశాను. రెండుచోట్ల 'మార్పు అవసరం లేదు' దగ్గర భయపడకుండా టిక్కు పెట్టాను. వ్యాసానికి పేజీ తిప్పితే, కష్టం మనిషికి ఏం నేర్పుతుంది అని ఉంది. రాయడం మొదలుపెట్టి ఒకసారి తలెత్తాను. మా కోచింగ్‌వాళ్ళు ఎక్కడెక్కడ కూర్చున్నారో వెతకక్కర్లేకపోయింది. ఆలోచించకుండా రాస్తున్నవాళ్ళందరూ వాళ్ళే. హాలంతా మా అక్క చెయ్యి రోలర్లోకి పోతూనే ఉంది.

ఫలితాల్లో నా నంబరు రాలేదు. వాళ్ళ నంబర్లూ రాలేదు. వ్యాసాలు ఒకేలా ఉన్నాయనీ, విచారణకి పెద్దవాళ్ళతో రావాలనీ కబురొచ్చింది. టైర్ల షాపు మీది గదికి వెళ్ళాను. తాళం వేసి ఉంది. "ఊరెళ్ళాడమ్మా" అన్నాడు షాపతను. ఏ ఊరో ఆయనకీ తెలియదు.

సూపర్‌వైజరు అమ్మని మడతల బల్ల దగ్గర పలకరించాడట. "పాపం, ఫలితం ఆగిందటగా? రేపట్నుంచి రోలరు దగ్గరకి పంపితే నేర్చుకుంటుంది. ఊరికే కూర్చోవడమెందుకు?" అమ్మ విచారణ అయ్యేదాకా గడువడిగింది. ఆయన పెద్దమనసు చేసుకుని ఇచ్చాడు.

విచారణ జరిగేచోట వరండా నిండా మా కోచింగ్‌వాళ్ళే. ఎవరూ ఎవరివంకా చూడటం లేదు. మా వంతొచ్చి అమ్మా, అక్కా, నేనూ లోపలికి వెళ్ళాం. బల్ల వెనక కళ్ళజోడు ఆఫీసరమ్మా, పక్కన ఒక కుర్ర ఆఫీసరూ ఉన్నారు.

"ఇదిగో, ఇంకో అక్క" అన్నాడు కుర్ర ఆఫీసరు మెల్లగా.

"మాది నిజమండీ. మొదట రాసింది మా అమ్మాయే. మిగతావాళ్ళు దీన్ని చూసి రాశారు" అంది అమ్మ.

"అందరూ అదే అంటున్నారమ్మా" అంది ఆఫీసరమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పొద్దున్నుంచి చేతికి కట్టు కట్టుకుని ముగ్గురు అక్కలొచ్చారు. ఒకావిడ కట్టు విప్పమంటే ఏడుపు మొదలెట్టింది. విప్పితే వేళ్ళన్నీ ఉన్నాయి. ఉంగరం కూడా ఉంది."

కుర్ర ఆఫీసరు నవ్వాపుకున్నాడు.

అక్క నావైపు తిరిగి చెయ్యి చాపింది. "విప్పు."

విప్పాను. ఏడవలేదు. అక్క ఆ చేతిని బల్ల మీద, మా వ్యాసాల కట్ట పక్కన పెట్టింది. కుర్ర ఆఫీసరు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూసింది.

"నిజమే" అంది.

"అయితే దీని ఫలితం ఇప్పించండి" అంది అక్క.

"చూడమ్మా, మేం చూసేది నిజమా అబద్ధమా అని కాదు. ఒకేలా ఉందా లేదా అని. నీ చెయ్యి నిజమని ఈ అమ్మాయికి మార్కులిస్తే, బయటున్నవాళ్ళంతా మావీ నిజమే అంటారు. ఎన్ని చేతులని చూడను?" వ్యాసాల కట్ట పక్కకి జరిపింది. "ఒకటి చెయ్యగలను. భాష పేపరు మళ్ళీ రాయనిస్తాను. ఈసారి మాత్రం ఈ ఉదాహరణ ఎక్కడా రాకూడదు. అక్క, చెయ్యి, రోలరు, వీటిలో ఏ మాట కనిపించినా కంప్యూటరే పక్కన పెట్టేస్తుంది. దాని తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు."

"అక్క అన్న మాట కూడానా అండీ?" అన్నాను.

"ఆ మాటే ముందు."

అమ్మ దణ్ణం పెట్టింది. నేను కట్టు కట్టాను. బయటికొస్తుంటే వరండాలో అందరూ అక్కకి దారి ఇచ్చారు. థాంక్సు చెప్పిన అమ్మాయి తల దించుకుంది.

ఆ సాయంత్రం నేను గోడకి ఆనుకుని కూర్చుని, రాయనన్నాను.

"ఏం రాయను? ఇంకేముంది నా దగ్గర? పొద్దున లేస్తే నీ జడ, నీ కట్టు, నీ పుస్తకం విసుర్లు. నువ్వు లేకుండా నాకు వాక్యమే లేదు."

"రోలరుకి పోతావా మరి?" అంది అక్క. "పోతే నేర్పిస్తా. వదలడమే కష్టం, మిగతాదంతా తేలిక."

అమ్మ పొయ్యి దగ్గర మాట్లాడకుండా ఉంది. అమ్మ మాట్లాడకపోవడం ఆ వేసవిలో అదే మొదటిసారి.

అక్క నా ముందు ఒక కాగితం పెట్టింది. "మొదటి వాక్యం రాయి. ఏదో ఒకటి. మా ఇంట్లో అని మొదలెట్టు."

రాశాను. 'మా ఇంట్లో అమ్మ, అక్క, నేను ఉంటాం.'

అక్క కుడిచేతి బొటనవేలు తెచ్చి కాగితం మీద పెట్టింది. 'అక్క' అని ఉన్న చోట. ఆ వేలు సరిగ్గా ఆ మాటంతే ఉంది.

"ఇప్పుడు చదువు."

నేను చదవలేదు.

"చదవవే. అన్నం వార్చాలి."

"మా ఇంట్లో అమ్మ, నేను ఉంటాం."

"అర్థం చెడిందా?"

పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న చప్పుడు. అమ్మ ఇటు తిరగలేదు.

"చెడలేదు" అన్నాను.

"మరి? మార్పు అవసరం లేదు" అని, అక్క లేచి గిన్నె దింపడానికి వెళ్ళింది.

రెండోసారి పరీక్షలో, ఒక మనిషి మరో మనిషికి చెయ్యగల పెద్ద సాయం ఏది అని అడిగారు. ఇద్దరే ఉండే ఇంటి గురించి రాశాను. తల్లి వంట చేస్తూ కూతురికి పనులు చెబుతుంది, కూతురు వాటిని తలుపు మీద రాసుకుంటుంది. శుభ్రంగా, పొట్టిగా, ఎక్కడా తడబడకుండా రాశాను. అనవసరమైన మాట ఒక్కటి లేదు. మంచి మార్కులొచ్చాయి. హాస్టలుతో సహా సీటొచ్చింది.

నేను పెట్టె సర్దుకున్న రోజు సూపర్‌వైజరు గుమ్మంలోకి వచ్చాడు. నన్ను మెచ్చుకున్నాడు. తర్వాత గది నాలుగు మూలలూ చూశాడు. ఆయన అడగకముందే అక్క లేచింది.

"ఎడమ చెయ్యుందిగా" అంది.

"నేనేం బలవంతం చెయ్యట్లేదమ్మా."

"తెలుసులెండి."

బస్సెక్కేముందు జడ వేశాను. వదులైందని విప్పించి మళ్ళీ వేయించుకుంది. ఈసారి బిగించి వేశాను, రోలరు దగ్గర జారకుండా.

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా లాండ్రీలో ఆవిరి గొట్టం పగిలింది. అక్క ఆ పక్కనే ఉంది. ఇంతకంటే రాయను. రాస్తే మళ్ళీ ఏ టైర్ల షాపు మీదో ఎవరో బోర్డు మీదికెక్కిస్తారు, ఎవడో తనకి అక్క లేదంటాడు, ఇవాళ్టినుంచి ఉందంటారు.

మా వీధిలో మొదటి డిగ్రీ నాదే. దరఖాస్తుల్లో, ఇంటర్వ్యూల్లో కుటుంబం గురించి అడిగినప్పుడల్లా అమ్మ, నేను అని నోటికొచ్చేస్తుంది. ఎవరూ ఏదో తగ్గిందని అనరు. అర్థం చెడదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఎప్పుడైనా ఆసుపత్రిలో ముడత లేని దుప్పటి మీద పడుకోవాల్సి వస్తే, దాని అంచు ఒకసారి పట్టుకుని చూడండి. ఎవరో దాన్ని సాగదీసి, సమయానికి వదిలారు. అప్పుడు మా అక్కని తలచుకోండి. ఆ వ్యాసాల్లో ఉన్న అక్కని కాదు, ఆవిడకి పెదవి విప్పడం రాదు. పుస్తకం విసిరేసి, జడ విప్పించి, రోలరుని కన్నవాళ్ళదాకా తిట్టిన మనిషిని తలచుకోండి. ఓర్పు ఏమాత్రం లేని మనిషిని.